చారలలో దాగిన చిత్రం: మైసూరు కొయ్య పొదుగుపని

మన దేశపు కొయ్యపనిలో ప్రధానంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది కొయ్యను రంగుతో కప్పివేసే మార్గం. విజయవాడ సమీపంలోని కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసి రంగులు పూస్తారు. ఆ కర్ర తేలికైనది, మెత్తనిది. దాని చారలు ఎవరి కంటా పడవు, పడవలసిన అవసరమూ లేదు. రెండవది కొయ్య స్వభావాన్నే వర్ణంగా స్వీకరించే మార్గం. మైసూరు పొదుగుపని ఇందుకు చక్కని ఉదాహరణ.

మనం ఇరుగుడు అనే వృక్షాన్ని కన్నడిగులు బీటె అంటారు; వ్యాపారంలో దాని పేరు రోజ్‌వుడ్. ముదురు గోధుమ వన్నెలో నల్లని జీరలు గల ఆ కర్ర పలకయే ఇక్కడ నేపథ్యం. కళాకారుడు చిత్రాన్ని భాగాలుగా విడదీసి, వేర్వేరు రంగుల కర్రల నుండి ఒక్కొక్క భాగాన్ని దారం వంటి అలుగు గల సన్నరంపంతో కోస్తాడు. పనసకర్ర పసుపునిస్తుంది, కరిమాను నలుపునిస్తుంది. పలకలో ఆ మేరకు గుంట తొలిచి, ముక్కలను జిగురుతో అమర్చి, నునుపుచేసి, మెరుగు పెడతారు.

పూర్వం ఈ పనిలో ఏనుగు దంతానికి పెద్దపీట ఉండేది. 1912లో పూర్తయిన మైసూరు రాజప్రాసాదంలో దంతం పొదిగిన తలుపులను నేటికీ చూడవచ్చు. 1986, 1991 సంవత్సరాలలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి జరిగిన సవరణలతో దంతపు వ్యాపారం నిషిద్ధమైంది. దంతం తొలగిన పిదప చిత్రభారమంతా కొయ్య మీదనే పడింది. ఇది కళకు మేలే చేసిందని నా అభిప్రాయం.

హిందీలో 'రేశా' అనే మాట వచ్చినప్పుడల్లా అనువాదకుడు ఒక క్షణం ఆగవలసి వస్తుంది. అది కర్ర పోగులు నడిచే దిశయా, పైకి కనిపించే గీతయా? మొదటిదానిని నార అనీ, రెండవదానిని చార అనీ ఇక్కడ వేరుచేసి చెప్పుకొందాం. చార కంటికి సంబంధించినది. నార బలానికి సంబంధించినది.

దుంగను నడిమి నుండి అంచు వైపుగా కోస్తే పలక మీద తిన్నని గీతలు వస్తాయి. పక్కవాటుగా కోస్తే గోపురాల వంటి వంపులు వస్తాయి. తిన్నని గీతలను అడ్డంగా అమర్చితే నిశ్చలమైన నీరు. వంపులను నిలబెడితే కొండల వరుస. వలయాలు గల ముడి అస్తమించే సూర్యబింబం కాగలదు. ఏనుగు పొట్ట గుండ్రదనాన్ని అనుసరించి చార వంగితే, నీడ దిద్దకుండానే శరీరానికి నిండుదనం వస్తుంది. మరొక విశేషం: ఒకే పలక నుండి కోసిన రెండు ముక్కలలో ఒకదానిని అడ్డంగా తిప్పి అమర్చితే, వెలుగు పడే తీరు మారి, ఒకటి ముదురుగా, మరొకటి లేతగా కనిపిస్తాయి.

ఇక నార సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ జాలీలను చూడండి. రంధ్రాల మధ్య మిగిలే సన్నని కమ్మీ పొడవునా నార నడిస్తే నిలుస్తుంది. అడ్డంగా నడిస్తే పుటుక్కున విరుగుతుంది. అందమైన చార కోసం బలాన్ని వదులుకోరాదు. కర్ర తేమకు నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. కనుక పొదుగుడులో పెద్ద ముక్కలను ఎదురెదురు దిశలలో బిగిస్తే, కొన్ని వానకాలాల తరువాత అతుకులు విచ్చవచ్చు. నార వెంట కోసేటప్పుడు రంపం కూడా గీసిన గీతను వదిలి దానివైపు జారిపోజూస్తుంది; అక్కడ చేయి నెమ్మదించాలి.

ఇరుగుడు నేడు అరుదవుతున్నది. 2017 నుండి ఈ జాతి వృక్షాల అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒడంబడిక నియంత్రణలో ఉంది. మరొక వంక, చారలు అచ్చువేసిన కాగితపు పలకలు చౌకగా దొరుకుతున్నాయి. వాటిలో ఒకే ముడి మూరమూరకూ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. చారను చదవగల కళాకారునికి అరచేతంత తుండు కూడా పనికివస్తుంది. చదవలేనివానికి నిండు పలక కూడా చాలదు.

విద్యార్థులు దీనిని సులువుగా అభ్యసించవచ్చు. దళసరి కాగితంలో చేప ఆకారాన్ని కత్తిరించి తీసివేయండి. మిగిలిన కాగితాన్ని వడ్రంగి పారవేసిన పలక ముక్క మీద పెట్టి, ఆ కంతలోనుండి చూస్తూ, మెల్లగా జరపండి, తిప్పండి. ఒకచోట చారలు చేప వీపు వెంట సాగి తోక వద్ద విచ్చుకొంటాయి. పెన్సిలు గీత అక్కడ గీయండి.