కట్టేసిన గుర్రానికో వ్యాపకం

గుర్రం కాలికి దెబ్బ తగిలినప్పుడు వైద్యుడు చెప్పే మాటల్లో పాటించడానికి అన్నిటికన్నా కష్టమైనది ఒకటుంది: కదలనివ్వకండి. కట్టు మార్చడం, మందు మింగించడం లాయంలో పనిచేసే ఎవరికైనా చేతనైన పనులే. పరిగెత్తడం కోసమే పెంచిన అయిదు వందల కిలోల జంతువును 12 అడుగుల గదిలో వారాల తరబడి, లిగమెంటు తెగితే నెలల తరబడి నిలబెట్టడం మాత్రం అందరి వల్లా కాదు. పచ్చికలో వదిలేస్తే గుర్రం రోజుకు పదిహేను పదహారు గంటలు మేత మీదే ఉంటుంది. రెండు పోచలు కొరికి నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ కొరుకుతుంది. దాని పొట్ట కూడా ఆ తీరుకే తగినట్టుంది. మేత పడినా పడకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అలాంటి ప్రాణిని నాలుగు గోడల మధ్య పెట్టి పూటకో మోపు గడ్డి పడేస్తే కాసేపట్లో తినేస్తుంది. ఆ తర్వాత?

ఆ తర్వాత తలుపు దగ్గర నిలబడి తల కుడికీ ఎడమకీ ఊపడం మొదలుపెడుతుంది. గంటల కొద్దీ ఊపుతుంది. లేదంటే తలుపు చెక్కను పళ్లతో పట్టుకుని, మెడ బిగించి, గుడుక్కుమని గాలి లాగుతుంది. కొన్ని గోడ వెంబడి గానుగెద్దులా తిరుగుతాయి. నిన్నటిదాకా అరచేతిలో బెల్లంముక్క తిన్న గుర్రం ఇవాళ చెవులు వెనక్కి వాల్చి కరవడానికి వస్తుంది. ఊగినా తిరిగినా బరువు పడేది మానాల్సిన కాలి మీద కూడా. కడుపులో పుండ్లు పడటం, పేడ గట్టిపడి కడుపునొప్పి రావడం వీటికి అదనం. కాలు బాగుపడాలని పెట్టిన విశ్రాంతే గుర్రాన్ని పాడుచేస్తుంది.

ఇది చదువుతుంటే మీ ఇంట్లో ఎవరో గుర్తొచ్చే ఉండాలి. మోకాలి ఆపరేషనై మంచం మీదున్న పెదనాన్న కావచ్చు, ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన తమ్ముడు కావచ్చు, బ్యాక్‌లాగులతో ఏడాది ఆగిపోయిన అమ్మాయి కావచ్చు. "రెస్టు తీసుకో, ఏమీ ఆలోచించకు" అని అందరూ చెబుతారు. ఫోను తెర మీద బొటనవేలు పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది. కొన్నాళ్లకు పలకరించబోయినవాళ్ల మీద విసుక్కోవడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని స్వభావం కింద జమకడతారు. లాయంలో తలనెరిసిన మనిషి అలా అనడు. పని లేక అలా చేస్తోంది అంటాడు.

ఈ సంగతి బాగా పట్టుకున్న మనిషి టామ్ స్మిత్. అమెరికాలో సీబిస్కట్ అనే పందెపు గుర్రానికి ట్రైనరు. సీబిస్కట్ 1933లో పుట్టింది. పొట్టి కాళ్లతో, చూడ్డానికి పందెపు గుర్రంలా ఉండేదే కాదు. రెండేళ్ల వయసులోనే దాన్ని 35 పందేల్లో పరిగెత్తించి నలగ్గొట్టారు. 1936లో చార్లెస్ హోవర్డ్ అనే కార్ల వ్యాపారి 8,000 డాలర్లకు కొని స్మిత్ చేతిలో పెట్టేనాటికి అది సరిగ్గా తినేది కాదు, గదిలో ఒకటే తిరుగుడు, జీను చూస్తే చాలు చెమటలు.

స్మిత్ ముందు దానికి తోడుగా ఒక మేకను పెట్టాడు. సీబిస్కట్ దాన్ని పళ్లతో పట్టి ఊపి, సగం తలుపు మీదుగా బయట పడేసింది. దీనికి తోడు పనికిరాదని స్మిత్ తీర్మానించలేదు. ఈ తోడు కుదరలేదనుకున్నాడు. ఈసారి పంప్‌కిన్ అనే నెమ్మదైన గుర్రాన్ని తెచ్చి, రెండు గదుల మధ్య గోడ తీయించేశాడు. తర్వాత పొకాటెల్ అనే కుక్క చేరింది, జోజో అనే కోతి చేరింది. రాత్రయితే పంప్‌కిన్ పక్కన, కుక్క పొట్ట మీద, కోతి మెడ ఒంపులో. ఈ సంసారం కుదిరాక సీబిస్కట్ కుదుటపడింది. పరామర్శకు వచ్చే చుట్టాలంతా పంప్‌కిన్‌లు కారు. కొందరిని చూస్తే మనకూ సగం తలుపు మీదుగా పడేయాలనే ఉంటుంది. రోగికి ఎవరు పక్కన ఉంటే ఊపిరి తేలికవుతుందో గమనించి, వాళ్లనే మళ్లీ మళ్లీ పిలవడం ఇంట్లోవాళ్ల పని.

ఆ గుర్రమే 1939 ఫిబ్రవరిలో పందెం మధ్యలో ఎడమ ముందుకాలి లిగమెంటు చెడగొట్టుకుంది. దాని పరుగు ఇక ముగిసిందనే చాలామంది అనుకున్నారు. హోవర్డ్ దాన్ని ఉత్తర కాలిఫోర్నియాలోని తన పశువుల క్షేత్రం రిడ్జ్‌వుడ్ రాంచికి పంపాడు. దాని జాకీ రెడ్ పొలార్డ్ కూడా అక్కడికే చేరాడు. అతని పరిస్థితి గుర్రం కన్నా అధ్వానం. 1938 ఫిబ్రవరిలో పందెంలో వేరే గుర్రంతో సహా కూలి ఛాతీ నలిగింది. దాన్నుంచి తేరుకుంటుండగానే జూన్‌లో మరో గుర్రం అదుపు తప్పి కాలు నుజ్జయింది. ఒక కన్ను చూపు ఎప్పుడో పోయింది, ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు.

రాంచికి రాకముందు, అతను మంచం మీద ఉన్న రోజుల్లో జరిగింది ఒకటి చెప్పాలి. 1938 నవంబరు 1న సీబిస్కట్‌కూ, అప్పట్లో తిరుగులేని గుర్రమనిపించుకున్న వార్ అడ్మిరల్‌కూ ముఖాముఖి పోటీ పెట్టారు. పొలార్డ్ బదులు అతని స్నేహితుడు జార్జ్ వుల్ఫ్ ఎక్కాలి. వుల్ఫ్ ఫోను చేసి సలహా అడిగాడు. పొలార్డ్ చెప్పిన ఎత్తు వింతగా ఉంటుంది: ముందున్నా సరే, అవతలి మలుపు దాకా వెళ్లాక కావాలనే పట్టు బిగించి వార్ అడ్మిరల్‌ను పక్కకు రానివ్వాలి, పోటీదారును కళ్లారా చూస్తేనే సీబిస్కట్‌కు అసలు పౌరుషం వస్తుంది. వుల్ఫ్ అలాగే చేశాడు. సీబిస్కట్ నాలుగు లెంగ్తుల, అంటే నాలుగు గుర్రాల నిడివి, తేడాతో గెలిచింది. కాలు విరిగిన మనిషి బుర్ర విరగలేదని గుర్తుంచుకునే స్నేహితుడు ఉండటం ఎంత భాగ్యమో మంచం పట్టినవాళ్లకే తెలుస్తుంది. వుల్ఫ్ ధైర్యం చెప్పడానికి ఫోను చేయలేదు. తనకు అవసరమై చేశాడు. ఆ తేడా రోగికి ఇట్టే తెలిసిపోతుంది.

రాంచిలో మనిషీ గుర్రమూ కలిసి నడవడం మొదలుపెట్టారు. అతను ఆసరా పట్టుకుని కుంటుతూ, అది పగ్గం వెంబడి కుంటుతూ. ఇద్దరికీ కలిపి నాలుగు మంచి కాళ్లున్నాయని పొలార్డ్ నవ్వేవాడట. ముందు పగ్గం పట్టి కాస్త దూరం నడిపించడం, తర్వాత ఇంకొంచెం, ఆ తర్వాత వీపెక్కి నెమ్మదిగా నడక, చాలాకాలానికి గాని దౌడు లేదు. నెలలు పట్టింది. 1940 మార్చి 2న శాంటా అనిటా హాండికాప్‌లో సీబిస్కట్, దాని మీద పొలార్డ్, మొదట వచ్చారు. 1937లో, 1938లో వెంట్రుకవాసిలో చేజారిన పందెం అది. రెండో స్థానంలో వచ్చిన కయాక్ కూడా హోవర్డ్ గుర్రమే.

ఈ కథ విన్నవాళ్లు గెలుపు దగ్గర చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ నడకలే ముఖ్యమనిపిస్తాయి. గాయం ఎంత పని ఒప్పుకుంటుందో అంత పని రోజూ ఉంది. ఎక్కువ లేదు, అసలు లేకపోవడమూ లేదు. మనవాళ్లకు ఈ మధ్యస్థం చేతకాదు. మొదటి నెల మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే అందిస్తాం. రెండో నెల రాగానే "ఇంకా ఎన్నాళ్లిలా?" అంటాం.

ఇప్పటి లాయాల్లో ఈ విద్య ఇంకా వివరంగా తెలుసు. మొట్టమొదట దాణా తగ్గిస్తారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. కాలు విరిగిన గుర్రం దగ్గర ఇది తిరగబడుతుంది. ఉలవ గుగ్గిళ్లూ ఓట్సూ ఎప్పటిలాగే పెడితే ఆ బలం గోడల మీద చూపిస్తుంది. దాణా తగ్గించి ఎండుగడ్డి పెంచుతారు. ఆ గడ్డినైనా సన్న కన్నాల వలసంచిలో కుక్కి, ఒకటికి రెండు చోట్ల వేలాడదీస్తారు. ఒక్కో పోచా పెదవులతో లాక్కోవాలి. గంటలో అయ్యే తిండి పూటంతా సాగుతుంది. మన రోగులకు అందేదేమో హార్లిక్సు, యాపిల్స్, జాలి. మూడూ కష్టపడకుండా దొరికేవే.

ఆట వస్తువుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గదిలో బంతులూ రబ్బరు బొమ్మలూ వేలాడదీయడం తేలిక. కొద్ది రోజులకే గుర్రం వాటి వైపు చూడటం మానేస్తుంది. గోడకు పగలని అద్దం బిగిస్తే కొన్ని గుర్రాలు ఊగడం తగ్గిస్తాయి. కొన్ని అందులోని గుర్రం మీదికి గొడవకు పోతాయి. ఇంకో గుర్రం కనిపించేచోట గది ఇవ్వడం వీటన్నిటికన్నా మేలు. మెడ అడుగున, వీపు మొదలయ్యేచోట గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కుంటాయి. మనిషి చేత్తో అక్కడే గోకినా గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద చేసిన పరిశీలన ఒకటి 1993లో వెలువడింది. ఖర్చు లేని వైద్యం. పావుగంట తీరిక చాలు.

అన్నిటికన్నా పనికొచ్చేది కొత్తది నేర్పడం. చూసి తీరాల్సిన దృశ్యమది. ఒక కర్ర చివర టెన్నిస్ బంతి గుచ్చి గుర్రం ముక్కుకు జానెడు దూరంలో పట్టుకుంటారు. గుర్రం అనుమానంగా చూస్తుంది, వాసన చూడ్డానికి ముక్కు చాపుతుంది. బంతి తగిలిన క్షణంలో చేతిలోని చిన్న డబ్బా టిక్కుమంటుంది, వెంటనే ఒక క్యారెట్ ముక్క. మళ్లీ బంతి. మళ్లీ టిక్కు. కొన్నిసార్లయ్యాక గుర్రం ఆగిపోతుంది. చెవులు ముందుకొస్తాయి. బంతికీ శబ్దానికీ క్యారెట్‌కూ సంబంధం ఏదో ఉందని దానికి తట్టే ఘడియ అది. ఇక అదే వెతుక్కుంటూ వచ్చి బంతిని తాకుతుంది. ఇప్పుడు బంతిని కాస్త పక్కకు, కాస్త కిందికి జరుపుతారు. వైద్యుడు ఒప్పుకుంటే క్యారెట్‌ను పక్కటెముకల దాకా తీసుకెళ్తారు; గుర్రం మెడ తిప్పి అందుకుంటుంది. అడుగు వేయకుండానే మెడకూ నడుముకూ వ్యాయామం. అంతకన్నా ముఖ్యం, తను ఏదో చేస్తే ఏదో జరుగుతోందని దానికి తెలుస్తోంది. గది నాలుగు గోడల మధ్య అది పోగొట్టుకున్నది సరిగ్గా అదే.

మంచం మీది మనిషి కూడా పరుగుకన్నా ముందు ఇదే పోగొట్టుకుంటాడు. ఏం తినాలో, టీవీలో ఏం పెట్టాలో, తలుపు తెరవాలో మూయాలో అన్నీ ఇతరులే తేలుస్తుంటే తన మాట చెల్లే చోటు ఒక్కటీ మిగలదు. సొంతంగా ఒక కొత్త లిపి నేర్చుకోవడమో, ఎడమచేత్తో రాయడమో, కూర్చున్నచోటే కీబోర్డు మీద సరిగమలు పలికించడమో ఎంచుకున్నవాళ్లు ఇంటిల్లిపాదినీ తక్కువ పీడిస్తారు.

ఇవన్నీ చేస్తే కాలు మానుతుందని హామీ లేదు. 2006లో కెంటకీ డర్బీ గెలిచిన బార్బరోకు రెండు వారాలకే, మే 20న, ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనకకాలు విరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యశాలలో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ లోహపు పట్టీ వేసి 27 స్క్రూలు బిగించాడు. యజమానురాలు గ్రెచెన్ జాక్సన్ తమ పొలం నుంచి పచ్చగడ్డి తెచ్చేది. తర్వాత్తర్వాత రిచర్డ్‌సనే పగ్గం పట్టుకుని బయట మేపుకొచ్చేవాడు. అయినా జులైలో ఎడమ వెనకకాలి డెక్కకు లామినైటిస్ అనే బాధాకరమైన వాపు జబ్బు వచ్చింది. 2007 జనవరి 29న దాన్ని నొప్పి తెలియకుండా నిద్రపుచ్చారు. ఆ ఎనిమిది నెలలూ వృథా అనేవాళ్లున్నారు. నేననను. రోజూ బయటి పచ్చికలో గడ్డి మేసిన రోజులు ఆ గుర్రం బతికిన రోజులే.

ఇంకోవైపు ఇంగ్లండ్‌లో 1971 డర్బీ గెలిచిన మిల్ రీఫ్ ఉంది. 1972 ఆగస్టులో సాధన చేస్తుండగా ముందుకాలు విరిగింది. దాని ఆలనాపాలనా చూసిన జాన్ హాలమ్ దగ్గర ఉండగా, పెద్ద ఆపరేషన్ తర్వాత కాలికి పిండికట్టుతో నెమ్మదిగా ఓర్చుకుని కోలుకుంది. మళ్లీ పందెం పరిగెత్తలేదు. సంతానం కోసం న్యూమార్కెట్‌కు వెళ్లింది. దాని కొడుకు షర్లీ హైట్స్ 1978లో డర్బీ గెలిచింది. కోలుకున్నాక వెనకటి పనికే వెళ్లాలన్న పట్టుదల మనకు ఎక్కువ. ఆ దారి మూసుకుపోతే జీవితమే పోయిందనుకుంటాం. వేరే పనికి కోలుకోవడం కూడా కోలుకోవడమే.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఇప్పుడు మంచం మీద ఉంటే, ఈ ఆదివారం చూడ్డానికి వెళ్లేటప్పుడు పళ్లతో పాటు ఒక పని కూడా తీసుకెళ్లండి. చెల్లి పెళ్లికి ఎవరెవరిని పిలవాలో జాబితా రాయమనండి. పిల్లాడి లెక్కల నోట్సు దిద్దమనండి. మీరు కొనబోయే స్థలం కాగితాలు చదివి చెప్పమనండి. నిజంగా మీకు కావాల్సిన పనే ఇవ్వండి, ఓదార్పు కోసం కల్పించింది ఇవ్వకండి. చేసి పెడితే చెప్పిన రోజుకు వెళ్లి తీసుకోండి.