బీర్ గార్డెన్‌లో పెరుగన్నం

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాం. మా మూడేళ్ల పాప హోటల్లో కుదురుగా కూర్చోదు, అక్కడి తిండి ముట్టదు. బయట తినడం మానేయాలా?

జవాబు: మానకండమ్మా. ముందు బీర్ గార్డెన్‌కు వెళ్లండి. పేరు చూసి జంకొద్దు, పిల్లాపాపలతో వచ్చేవాళ్లూ చాలామందే. 1812లో బవేరియా రాజు, బీరు కాచేవాళ్లు రొట్టె తప్ప వేరే తిండి అమ్మకూడదన్నాడు. జనం ఇంటినుంచే తెచ్చుకున్నారు. ఆ ఆచారం ఇప్పటికీ ఉంది. తాగేది అక్కడ కొని, గుడ్డ పరవని బల్ల దగ్గర పెరుగన్నం డబ్బా నిశ్చింతగా తెరవండి. చాలాచోట్ల ఆటస్థలమూ ఉంటుంది.

రెస్టారెంట్లో అయితే ‘రాయ్‌బర్‌టెల్లర్’ అడిగి చూడండి. అంటే దొంగల పళ్లెం. ఖాళీ పళ్లెం, ఫోర్కు ఇస్తారు. మీ పళ్లెంలోంచి పాప ‘దొంగిలించి’ తినాలి. బతిమాలకండి, తననే తీసుకోనివ్వండి. రద్దీ లేని ఐదున్నరకే వెళ్లండి.