మోటారు నడిచింది, మడి తడిసిందా?

లింగాల ఘనపూర్ మండలంలో ఏ రైతునడిగినా ఆటోస్టార్టర్ కథ చెబుతారు. కరెంటు ఏ వేళకొస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి బాయికాడికి పోయే బాధ తప్పించిన డబ్బా అది. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేది. బోరులో నీళ్లున్నాయా, మడి తడిసిందా అన్నది దానికి పట్టదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. అవసరం లేకున్నా నీళ్లు తోడేస్తుంటే భూగర్భజలం ఆగదు కదా!

మనలో చాలామంది పనిచేసే తీరూ ఇదే. మొదలుపెట్టేస్తాం, ముగిసిందో లేదో చూడం. ఈ అలవాటు వదలాలనుకునే డిగ్రీ విద్యార్థులకు నేనిచ్చే సలహా ఒకటే: లినక్స్‌లో షెల్ స్క్రిప్టులతో చిన్న జాబ్ షెడ్యూలర్, అంటే పనులను మొదలుపెట్టి, ముగిశాయో లేదో కూడా చూసే ప్రోగ్రాం, మీరే రాయండి. పాత కంప్యూటర్ చాలు, లినక్స్ ఉచితం.

క్రాన్ ఉండగా ఇదెందుకంటారా? యునిక్స్‌లో 1970ల నుంచే ఉన్న క్రాన్ గొప్ప పనిముట్టు. నిమిషానికోసారి లేచి, వేళైన పనిని మొదలుపెడుతుంది. కానీ నిన్నటి పని ఇంకా నడుస్తున్నా దాని పక్కనే ఇంకోటి మొదలుపెట్టేస్తుంది. మిషన్ ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన పని జోలికి మామూలుగా పోదు. ఆ జాగ్రత్తలన్నీ రాసేవాడివే. సొంతంగా రాస్తేనే అవి కళ్లబడతాయి.

నాలుగు ఫోల్డర్లు పెట్టుకోండి: వేచినవి, నడుస్తున్నవి, ముగిసినవి, చెడినవి. చేయాల్సిన ప్రతి పనీ ఒక స్క్రిప్టుగా మొదటి ఫోల్డర్లో ఉంటుంది. ఒక వైల్ లూప్ అందులోకి చూస్తుంది, ఏదైనా కనిపిస్తే ఎంవీ కమాండ్‌తో రెండో ఫోల్డర్లోకి జరిపి నడుపుతుంది, లేకపోతే స్లీప్ 60 అని నిమిషం పడుకుంటుంది. ఇంతే యంత్రం!

ఆ జరపడంలోనే కిటుకుంది. ఫోల్డర్లన్నీ ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే, రెండు లూపులు ఒకే పని మీద ఒకేసారి చెయ్యివేసినా ఒక్కదానికే దక్కుతుంది, రెండోదానికి ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చిన లూపు ఆ పనిని వదిలేసి తర్వాతిది చూసుకునేలా రాయండి. నలుగురున్న ఆఫీసులో ఒకే పని ఇద్దరు చేయడం, ఇంకో పని ఎవరూ చేయకపోవడం మీరు చూసే ఉంటారు. పని తీసుకున్నవాళ్లెవరో అందరికీ కనబడితే ఆ గొడవే రాదు.

స్క్రిప్టు ముగియగానే లినక్స్ ఒక అంకె చేతిలో పెడుతుంది. సున్నా అయితే పని సవ్యంగా జరిగినట్టు, ఇంకేదైనా అయితే తేడా జరిగినట్టు. సున్నా వచ్చిందాన్నే ముగిసినవాటిలోకి పంపండి, మిగతాది చెడినవాటిలోకి. ఎర్రర్ సందేశాలన్నీ తేదీతో సహా ఒక లాగ్ ఫైల్లో పడాలి. “అయిపోయిందనుకుంటా” అనే మాటకు ఇక్కడ చోటు లేదు. ఉద్యోగంలో చేరాక మీ మీద నమ్మకం నిలబెట్టేదీ ఈ పట్టింపే.

అసలైన ఆలోచన కరెంటు పోయినప్పుడు మొదలవుతుంది. మిషన్ తిరిగి లేచేసరికి ‘నడుస్తున్నవి’ ఫోల్డర్లో సగంలో ఆగిన పని ఉంటుంది. దాన్ని మళ్లీ నడపొచ్చా? ఫొటోల బ్యాకప్ అయితే రెండోసారి చేసినా నష్టం లేదు. ఫీజు కట్టమని తల్లిదండ్రులకు మెసేజ్‌లు పంపే పనైతే, కొందరికి రెండేసి వెళ్తాయి. కాబట్టి ప్రతి పని రాసేటప్పుడే ఈ ప్రశ్నకు జవాబు స్క్రిప్టు మొదట్లోనే కామెంట్‌గా రాసిపెట్టండి. జవాబు తోచకపోతే ఆ పని మీకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, మిషన్‌కు అప్పగించకండి.

రాశాక పరీక్ష పెట్టండి. కావాలనే తప్పున్న స్క్రిప్టొకటి ‘వేచినవి’ ఫోల్డర్లో వేయండి. ఇంకోటి నడుస్తుండగా కిల్ కమాండ్‌తో షెడ్యూలర్‌నూ దాన్నీ ఆపేయండి. తిరిగి మొదలుపెట్టి ఏ పని ఏ ఫోల్డర్లో తేలిందో, లాగ్‌లో ఏం రాసుందో పోల్చుకోండి. రెండూ ఒకే మాట చెబితే, ఆ రాత్రి నుంచే మీ ఇంటి ఫొటోల బ్యాకప్ దానికి అప్పగించవచ్చు.