సప్తపది - ఏడవ యడుగు

వివాహము షోడశ సంస్కారములలో నొకటి. మన తెలుగునాట జీలకఱ్ఱ బెల్లము, మాంగల్యధారణము, తలంబ్రాలు కన్నులపండువుగా జరుగును. అవి ముగియగానే బంధువులు భోజనశాలకు తరలుదురు. అటుపిమ్మట జరుగు సప్తపదిని చూచువారు కొలదిమందియే. కాని ఏడవ యడుగుతోనే వివాహము పూర్ణమగునని మనుస్మృతి నిర్ణయము. సప్తపది ఆచారముగా గలవారి విషయమున 1955 నాటి హిందూ వివాహ చట్టమును అట్లే చెప్పుచున్నది.

ఆపస్తంబ సూత్రానుసారము వరుడు వధువును అగ్నికి ఉత్తరమున, కుడిపాదము ముందుగా, తూర్పునకుగాని ఉత్తరమునకుగాని నడిపించును. మొదటి యడుగు అన్నమునకు, రెండవది బలమునకు, మూడవది వ్రతమునకు, నాల్గవది సుఖమునకు, ఐదవది పశుసంపదకు, ఆరవది ఋతువుల యనుకూలతకు, ఏడవది యజ్ఞకర్మలకు. ప్రతి యడుగునందును శ్రీమహావిష్ణువు ఆమె వెంట నుండవలెనని వరుని ప్రార్థన.

ఏడడుగులు నడచిన పిదప వరుడు ఆమెను సఖిగా సంబోధించును, దాసిగా కాదు. అగ్నిసాక్షిగా సఖి యని పిలిచినవాడు ఆమె పుట్టినింటివారిని కట్నమునకై పీడింపవచ్చునా? ఆమెతో సంప్రదింపక గృహకార్యములు నిర్ణయింపవచ్చునా?

కావున పెండ్లిపెద్దలు ముందునాడే పురోహితునిచే వధూవరులకు ఈ మంత్రముల యర్థము చెప్పింపవలెను. సప్తపదివేళ మేళమును తగ్గించి, అందఱును కూర్చుండి వినవలెను. విందు అరగడియ ఆలస్యమైనను లోపము లేదు. భగవన్నివేదితమైన అన్నమును పిమ్మట అతిథులకు ఆదరముతో వడ్డింపవలెను. అర్థము తెలిసి నడచిన యడుగు జీవితాంతము జ్ఞాపకముండును.