అమ్మమ్మ పాటకి ఏ సిస్టమ్?

నర్సీపట్నం

చి.ల.సౌ. మేనకోడలికి మీ మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వడిగినదానికి ఫోన్లోనే జవాబు చెప్పేసేవాణ్ణి. మీ అమ్మమ్మ పక్కన కూచుని "ఏటంట, ఏటంటది" అంటూ ఒక్క మాటా సాగనివ్వలేదు. అదీకాక విండోసా, మ్యాకా, లైనక్సా అన్నది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. హాస్టల్లో ఒకమ్మాయి మ్యాక్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటోందనీ, ఇంకొకడు లైనక్స్ ఊరికే వస్తుంది కదా అంటున్నాడనీ, నీ పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదనీ చెప్పావు. పాపం, నిన్ను మూడు దిక్కులకీ లాగుతున్నారు.

అబీద్ సెంటర్ దగ్గర నేను క్యాసెట్ల కొట్టు పెట్టిన రోజుల్లోనూ ఇదే తంతు. ఏ డెక్కు కొనాలి, ఏ టేపు మంచిది అని వచ్చేవారు. రికార్డు చేసేదేమిటి నాయనా అని ఎదురడిగేవాణ్ణి. హరికథ చెప్పే గొంతుకి చాలింది సన్నాయి మేళానికి చాలదు. నీ సంగతీ అంతే. సంక్రాంతికొచ్చి అమ్మమ్మ చేత దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు పాడించి దాచిపెడతానన్నావు. ఆ తరవాత నీ సొంత పాటలు నాలుగు. వాటికి డోలు, జముకు వాయించేవాళ్ళని మనూరి చుట్టుపక్కల నేనే వెతికి తెస్తాను. అంటే నీకు కావలసింది మైకులో పడ్డది పడ్డట్టు డిస్కు మీదికి ఎక్కడం. కంప్యూటర్ లోపలే పుట్టే వీణలూ మృదంగాలూ నీకక్కర్లేదు. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం బేరం తెగినట్టే.

ఇప్పుడు అసలు చిక్కు. కొట్లోకి మొదటి కంప్యూటర్ వచ్చిన కొత్తల్లో ఒక భజన గాయకుడికి హెడ్‌ఫోన్లు తగిలించి పాడమన్నాను. నాలుగు మాటలు పాడతాడు, ఆగిపోతాడు. "మావా, నా గొంతు నా ఎనకాల్నించి వత్తంది" అంటాడు. తాగొచ్చాడేమో అనుకుని కసిరాను కూడా. పాపం, అతను చెప్పింది అక్షరాలా నిజం. కంప్యూటర్ శబ్దాన్ని ధారగా తీసుకోదు, దోసిళ్ళతో తోడుకుంటుంది. ఆ దోసిలినే బఫర్ అంటారు. సెకనుకి 48,000 శాంపిళ్ళు తీసుకుంటూ బఫర్ 1024 పెట్టావనుకో, ఒక్కో దోసిలి నిండడానికి 21 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, 21 మిల్లీసెకన్లంటే ఏడు మీటర్ల దూరం. లోపలికి ఒక దోసిలి, బయటికి ఒక దోసిలి. నువ్వు వెనకగదిలో పాడుతుంటే నీ గొంతు వీధి అరుగు మీంచి నీకు వినిపిస్తున్నట్టు. తాళం తప్పకుండా ఎలా ఉంటుంది?

బఫర్ 128కి దించితే దోసిలికి 2.7 మిల్లీసెకన్లే, మీటరు దూరం కూడా లేదు. హాయిగా పాడుకోవచ్చు. కానీ అప్పుడు మిషను ప్రతి 2.7 మిల్లీసెకన్లకీ ఠంచనుగా వచ్చి దోసిలి అందుకోవాలి. ఆ క్షణాన వైఫై పనిలోనో, మరో పనిలోనో ఉండిపోయిందా, పాట మధ్యలో టక్కుటక్కుమని చిటపటలు. రికార్డింగు వరకు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య చూడాల్సిన తేడా ఇదే: ఎవరు వేళకి వస్తారు, ఎవరు రారు. మిగతావన్నీ అలవాటు సంగతులు.

మ్యాక్‌లో ఇలా వేళకి వచ్చే ఏర్పాటు కోర్ ఆడియో పేరుతో పుట్టుకతోనే ఉంది. మైకుని కంప్యూటర్‌కి కలిపే సౌండ్ బాక్సు తగిలించి కూచోవడమే. గ్యారేజ్‌బ్యాండ్ ఊరికే వస్తుంది, కంప్యూటర్లో లాజిక్ ప్రో కావాలంటే మ్యాక్ తప్ప దారి లేదు. మీ హాస్టలమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. కానీ నీకొద్దంటాను. డబ్బు సంగతి అలా ఉంచు. రాత్రి పదింటికి అది మొరాయిస్తే మన వీధిలో దాన్ని విప్పి చూసేవాడు లేడు, విశాఖ పట్టుకుపోవాలి. ఈమధ్య పాత ఇంటెల్ మ్యాకులు చవగ్గా దొరుకుతున్నాయి. వాటి జోలికి అసలు వెళ్ళకు. 2025లో వచ్చిన టాహోయే ఆ మిషన్లకి ఆఖరు సిస్టమ్ అని ఆపిల్ వాళ్ళే చెప్పేశారు.

విండోస్‌లో మామూలు దారిన పోతే శబ్దం నాలుగు మలుపులు తిరిగి వస్తుంది. అందుకే స్టెయిన్‌బర్గ్ వాళ్ళు 1997లో ఏసియో అని అడ్డదారి కనిపెట్టారు. బాక్సు కంపెనీ ఇచ్చే ఏసియో డ్రైవరు వేసుకుంటే విండోస్ కూడా చక్కగా వేళకి వస్తుంది. ఆ డ్రైవరే లేని చోట ఏసియో ఫర్ ఆల్ అని ఉచితంగా దొరికే దాంతో నెట్టుకొస్తారు. అనకాపల్లిలో కీబోర్డు వాయించే నీ ఫ్రెండు విండోసూ ఎఫ్ఎల్ స్టూడియో వదలనంటే వాడి మాట సబబే. వాడికి కావలసినవన్నీ అందులోనే పుడతాయి, ఎఫ్ఎల్ స్టూడియోకి లైనక్స్ రూపం లేదు కూడా. వాణ్ణి మార్చాలని చూడకు.

నీ పాత ల్యాప్‌టాప్ సంగతి. విండోస్ 11 రావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో కావాలి. నీది ఆరో తరం. విండోస్ 10కి ఆసరా 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన మర్నాటికి మిషను చచ్చిపోదు. నెట్టుకి తగిలించకుండా రికార్డింగుకే వాడుకునేవాళ్ళు ఇంకా వాడుకోవచ్చు. కానీ నువ్వు ఉద్యోగాల దరఖాస్తులూ అందులోనే చేస్తానంటున్నావు, అది నాకు నచ్చలేదు.

కాబట్టి నా ఓటు లైనక్స్‌కి. పదిహేనేళ్ళ కిందటైతే ఈ మాట అనేవాణ్ణి కాదు. అప్పట్లో జాక్ అనే సరంజామాని సరిచేసుకునేసరికి పాడాలన్న ఉబలాటం చల్లారిపోయేది. ఇప్పుడు పైప్‌వైర్ వచ్చి ఆ తంటా చాలావరకు తీసింది. మిషను వేళకి రావడం కోసం కొందరు దాదాపు ఇరవై ఏళ్ళు చేసిన రియల్‌టైమ్ పని కూడా 2024లో 6.12 వెర్షన్‌తో లైనక్స్ అసలు కెర్నెల్‌లో కలిసిపోయింది. పాటల పనికోసమే కూర్చిన ఉబుంటు స్టూడియో 2007 నుంచీ ఉంది, ఆర్డర్ అనే రికార్డింగు ప్రోగ్రామ్ దానితోనే వస్తుంది. లైనక్స్ అంటే ఎక్కడో దొరల వ్యవహారం అనుకోకు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు దాన్ని తెలుగులో వాడుకునేలా ఏనాడో చేసిపెట్టారు.

ఒక్క జాగ్రత్త. కొన్ని సౌండ్ బాక్సులు లైనక్స్‌ని గుర్తుపట్టవు. క్లాస్ కంప్లయంట్ అని రాసి ఉందేమో చూడు. డ్రైవరు లేకుండా ఐప్యాడ్‌కి పనిచేసే బాక్సు మామూలుగా లైనక్స్‌కీ పనిచేస్తుంది, ఇది మంచి గుర్తు. దానికి డైరెక్ట్ మానిటర్ బటన్ కూడా ఉండేలా చూసుకో. అది నొక్కితే నీ గొంతు కంప్యూటర్లోకి పోయి రాకుండా బాక్సులోంచే చెవికి వస్తుంది. ఇందాకటి మీటర్ల దూరం గోల ఉండదు. అమ్మమ్మ ఒక్కర్తే పాడేటప్పుడు బఫర్ 1024 ఉన్నా నష్టం లేదు. ఈ బటన్ సంగతి ఆ రోజు నాకు తెలిసుంటే ఆ భజనాయన్ని తిట్టేవాణ్ణే కాదు.

ప్రోగ్రామ్ మాత్రం ఆర్డర్ కన్నా రీపర్ తీసుకోమంటాను. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ అది ఒకేలా ఉంటుంది. రేపు నీ ఉద్యోగం చోట ఏ మిషను ఇచ్చినా నేర్చుకున్నది వృథా పోదు. అరవై రోజులు పూర్తిగా వాడి చూడనిస్తారు, ఆనక సొంతానికి 60 డాలర్ల లైసెన్సు, మన లెక్కలో అయిదువేల పైచిలుకు. ఆ డబ్బు నేనిస్తాను. క్రాక్ మాత్రం వేయించకు. నేనొకసారి ఆ కక్కుర్తి పడ్డాను. ఓ కుర్రాడు ఊరికే వేసిపెట్టిన ప్రోగ్రామ్‌తో పాటు వైరస్సూ వచ్చి డిస్కులో ఉన్నదంతా ఊడ్చేసింది. అందులో ఒక పెద్దాయన మూడు రాత్రులు చెప్పిన జముకుల కథ ఉంది. ఆయన ఇప్పుడు లేడు. వేరే కాపీ నేను పెట్టుకోలేదు, ఆ తప్పు పూర్తిగా నాదే.

అందుకని చెప్పేది శ్రద్ధగా విను. పాత విండోస్ డిస్కు విప్పి బీరువాలో పెట్టు, చెరపకు. కొత్త ఎస్ఎస్‌డీ కొని అందులో లైనక్స్ వెయ్యి. ఒకటి మొరాయిస్తే రెండోది బిగించుకోవచ్చు, ఒక స్క్రూడ్రైవరు చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్క మైకుకి నిమిషానికి తొమ్మిది ఎంబీ కూడా పట్టదు. ఎనిమిది ట్రాకులతో అయిదు నిమిషాల పాటైనా 350 ఎంబీ లోపే. కాబట్టి చోటు లేదన్న సాకు పనికిరాదు, ఏ రోజు రికార్డు చేసింది ఆ రోజే రెండు చోట్ల దాచు. అనకాపల్లి కుర్రాడికి పాట పంపాలంటే ఒక్కో ట్రాకూ విడివిడిగా వేవ్ ఫైలు చేసి పంపు. వాడి సిస్టమ్ ఏదైనా అవి తెరుచుకుంటాయి. రికార్డింగు మొదలయ్యాక పాటలు పూర్తయ్యేవరకు సిస్టమ్ అప్‌డేట్లు ముట్టుకోకు.

ఇక మనింటి సంగతి. వెనకగది ఖాళీ చేయించాను. పైన రేకులు కాబట్టి వానొస్తే ఏ సిస్టమ్ ఉన్నా ఒకటే. గోడలకి పాత బొంతలు వేలాడదీద్దాం, నవ్వకు, గొంతు గింగురుమనకుండా అవి బాగా పనిచేస్తాయి. ఫ్యాను ఆపాలి. ధనుర్మాసం కదా, తెల్లారుజామున గుళ్ళో మైకు. అంతకుముందే లంబసింగి మంచు చూడ్డానికి పోయే కార్లు హారన్లు కొట్టుకుంటూ మన రోడ్డు మీదే పోతాయి. పదకొండు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా కాస్త ప్రశాంతంగా ఉంటుంది. ఛార్జరు పెడితే హమ్ వస్తోందనుకో, అది తీసేసి బ్యాటరీ మీద నడిపించు. మనింటి ఎర్తింగు అంతంతమాత్రం.

ఎస్ఎస్‌డీ ఇప్పుడే కొనకు. ఉబుంటు స్టూడియో పెన్‌డ్రైవ్ మీంచి, డిస్కుని ముట్టుకోకుండానే నడుస్తుంది. హాస్టల్లో ఎవరిదైనా సౌండ్ బాక్సు ఒక్క పూట అడిగి తగిలించు. రెండు నిమిషాలు నీ గొంతు రికార్డు చేసి వినిపించుకో. చిటపటలు లేకపోతే డబ్బు పంపిస్తాను, ఉంటే ఫోన్ చెయ్యి, ఏ బాక్సో చెప్పు.

అమ్మమ్మకి దగ్గు తగ్గింది. కొత్త పళ్ళసెట్టు పెట్టుకుంటే పాటలో "స" జారిపోతోందట. నువ్వొచ్చేసరికి పాతది వెతికి పెట్టమని రోజూ నా ప్రాణం తీస్తోంది. నిన్న గూట్లో దొరికింది.

మీ మావయ్య