విదేశీ బాస్కెట్‌బాల్ కోర్టుల మీద బతుకుతెరువు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు. జిల్లా బాస్కెట్‌బాల్ జట్టుకి ఆడుతున్నాడు. చదువు ఆపేసి పూర్తిగా శిక్షణలో పెడితే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ దాకా వెళ్తాడని కోచ్ గారు అంటున్నారు. నమ్మమంటారా?
- ఒక తండ్రి, విజయవాడ

సమాధానం: చదువు మాత్రం ఆపకండి. కోచ్ గారి ఆశను తప్పుపట్టను కానీ లెక్క చూడండి. ఎన్‌బీఏలో ఉన్నవి 30 జట్లు, జట్టుకి 15 పూర్తిస్థాయి ఒప్పందాలు. ప్రపంచం మొత్తానికీ 450 చోట్లు! ఆ జట్లు ఏటా కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మన దేశంలో పుట్టి ఎంపికైన మొదటి ఆటగాడు పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్. ఏడడుగుల రెండంగుళాల మనిషి. పద్నాలుగేళ్ళ వయసులోనే ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్ళి శిక్షణ పొందాడు. 2015లో డాలస్ మావెరిక్స్ అతన్ని 52వ ఎంపికగా తీసుకుంది. అయినా ఎన్‌బీఏ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. టెక్సస్ లెజెండ్స్ అనే అనుబంధ జట్టుకి, తర్వాత కెనడాలో ఆడాడు. అంత దూరం వెళ్ళడమే గొప్ప సంగతి. అక్కడి పోటీ అలాంటిది.

మీవాడి విషయంలో నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. మన దగ్గర ఈ ఎత్తున్న పిల్లాణ్ణి తీసుకెళ్ళి బుట్ట కింద నిలబెట్టేస్తారు. పెద్ద లీగుల్లో ఆ ఎత్తువాడు గార్డ్. బంతిని నడపాలి, పాస్ అందించాలి, దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ వేయాలి. మీవాడి చేత ఇవి రోజూ సాధన చేయిస్తున్నారా అని కోచ్ గారిని అడగండి. పైగా అమెరికా కాలేజీ జట్లలో చోటిచ్చేటప్పుడు హైస్కూలు మార్కులు కూడా చూస్తారు. చదువు ఆపితే ఆ దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: మా వాడు ఇక్కడ కాలేజీ జట్టులో ఉన్నాడు. ఎన్‌బీఏ రాకపోతే యూరప్‌కో చైనాకో వెళ్ళి ఆడతానంటున్నాడు. అది ఓడిపోయినవాళ్ళు చేసే పని కాదా?
- ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: కాదమ్మా. ఎన్‌బీఏ తార లూకా డాన్చిచ్ పదమూడేళ్ళకే స్లొవేనియా వదిలి స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. 2018లో, అంటే ఎన్‌బీఏకి వెళ్ళకముందే, యూరప్ క్లబ్బుల పెద్ద లీగ్ యూరోలీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. స్టెఫాన్ మార్బరీది ఇంకో కథ. ఎన్‌బీఏలో ఆల్‌స్టార్ అనిపించుకున్నవాడు, అక్కడ తలుపులు మూసుకున్నాక 2010లో చైనా వెళ్ళాడు. బీజింగ్ జట్టుకి 2012, 2014, 2015లో టైటిళ్ళు తెచ్చిపెట్టాడు. ఆ ఊరివాళ్ళు అతనికి విగ్రహం పెట్టారు.

అయితే అక్కడి బతుకు సుఖంగా ఉంటుందని చెప్పను. చాలా లీగుల్లో విదేశీ ఆటగాళ్ళ సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఆ కొద్ది చోట్లలో ఒకటి ఇచ్చారంటే మొదటి నెల నుంచే పాయింట్లు ఆశిస్తారు. రెండు మూడు మ్యాచ్‌లు సరిగా ఆడకపోతే సీజన్ మధ్యలోనే ఇంటికి పంపేసే క్లబ్బులున్నాయి. భాష రాదు, తిండి వేరు, పండక్కి ఇంట్లో ఉండే వీలుండదు. ఆ ఒంటరితనానికి అబ్బాయిని ఇప్పటినుంచే సిద్ధం చేయండి.

ప్రశ్న: అక్కకి క్రీడా కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చేలా ఉంది. విదేశీ క్లబ్బు కోసం దాన్ని వదులుకోవచ్చా?
- ఒక చెల్లెలు, సికింద్రాబాద్

సమాధానం: వదులుకోవద్దు. కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్ దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేస్తూనే ఆస్ట్రేలియా వెళ్ళి రింగ్‌వుడ్ క్లబ్బుకి ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ఎంపిక పరీక్షలకూ వెళ్ళింది. ఉద్యోగంలో చేరాక, సెలవుకీ అనుమతికీ ముందుగానే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోమనండి.

వెళ్ళేముందు ఆ దేశపు చట్టాలు తెలుసుకోవడం కూడా ముఖ్యం. రష్యా జట్టుకి ఆడుతున్న అమెరికా తార బ్రిట్నీ గ్రైనర్‌ని 2022 ఫిబ్రవరిలో మాస్కో విమానాశ్రయంలో అరెస్టు చేశారు. సామానులో గంజాయి నూనె దొరికిందన్నది ఆరోపణ. డిసెంబరులో ఖైదీల మార్పిడి జరిగితే గానీ ఆమె బయటపడలేదు. మందులు పట్టుకెళ్తే డాక్టరు చీటీ వెంట ఉండాలి.

ప్రశ్న: రాష్ట్ర జట్టుకి ఆడాను. విదేశీ క్లబ్బులో చోటిప్పిస్తానని ఒక ఏజెంటు రెండు లక్షలు ముందే కట్టమంటున్నాడు. టూరిస్టు వీసా మీద వచ్చేయమంటున్నాడు. ఏం చేయను?
- ఒక ఆటగాడు, వరంగల్

సమాధానం: ఒక్క రూపాయి కూడా ఇవ్వకు తమ్ముడూ. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ఏజెంట్లకి లైసెన్సు ఇస్తుంది. ముందు అది ఉందో లేదో చూడు. మంచి ఏజెంటు తన కమిషన్ ఒప్పందం కుదిరాక తీసుకుంటాడు, చాలా దేశాల్లో దాన్ని క్లబ్బే చెల్లిస్తుంది. టూరిస్టు వీసా మీద వెళ్ళి జీతానికి ఆడితే ఆ దేశం దృష్టిలో నువ్వు నేరం చేసినట్టే. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేవు.

నిజమైన ఒప్పందం వస్తే అందులో నేను మొదట వెతికే మాట గ్యారంటీ. గాయపడినా, ఫామ్ పోయినా సీజన్ చివరిదాకా జీతం ఇస్తారా, లేక ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చా అన్నది తేలాలి. తర్వాత ఆ జీతం పన్ను పోగా చేతికొచ్చేదా, కాదా? ఇల్లు, విమానం టిక్కెట్లు, వైద్య బీమా ఎవరివి? దిగిన ఎన్ని రోజుల్లో వైద్య పరీక్ష చేస్తారు? ఈ గడువు రాసి లేకపోతే, నీ ఆట నచ్చనప్పుడు మోకాలి పాత నొప్పిని సాకు చేసుకుని పంపేయవచ్చు. నోటిమాటగా చెప్పిన ఏ హామీనీ లెక్కలోకి తీసుకోకు.

వివాదం వస్తే ఫిబా ఆధ్వర్యంలోని బాస్కెట్‌బాల్ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌కి వెళ్ళాలన్న నిబంధన ఒప్పందంలో తప్పక ఉండాలి. 2007లో ఏర్పడిన ఈ ట్రిబ్యునల్ జెనీవా కేంద్రంగా పనిచేస్తుంది. దాని తీర్పు అమలు చేయని క్లబ్బుకి కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా నిషేధం పడుతుంది. జీతం బకాయి పెట్టే క్లబ్బులు భయపడేది దీనికే. ఆ నిబంధన లేకపోతే పరాయి దేశంలో, రాని భాషలో, అక్కడి కోర్టుల చుట్టూ తిరగాలి.

ఒక దేశం నుంచి మరో దేశపు జట్టుకి మారేటప్పుడు మన జాతీయ సమాఖ్య ఇచ్చే క్లియరెన్స్ లేఖ కూడా కావాలి. ఆ కాగితాల ఊసే ఎత్తని ఏజెంటు దగ్గర అసలు క్లబ్బు ఉందో లేదో అనుమానించాల్సిందే. క్లబ్బు వెబ్‌సైటులో ఉన్న నంబరుకి నువ్వే నేరుగా ఫోన్ చేసి కనుక్కో. ఒప్పందం చేతికొచ్చాక, సంతకం పెట్టే ముందు, తెలిసిన న్యాయవాది చేత ఒకసారి చదివించుకో.