కోతకు ముందు ఊపిరి లెక్క

తోట పనిచేసే మనిషికి ఊపిరితిత్తిలో గడ్డ ఉందని సీటీ స్కాన్‌లో తేలితే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది "ఆపరేషన్‌తో పోతుందా డాక్టరుగారూ?" అనే. డాక్టరు మనసులో ఇంకో ప్రశ్న ఉంటుంది. గడ్డ ఉన్న భాగం తీసేశాక మిగిలినదాంతో ఈ మనిషి నెగ్గుకొస్తాడా? ఛాతీ మీద కోత నొప్పికి గట్టిగా దగ్గలేక, కఫం లోపలే నిలిచి, న్యుమోనియా పట్టి వెంటిలేటర్ దాకా పోయే ముప్పు ఎవరికి ఎక్కువో ముందే అంచనా వేయడానికి ఒక వరస ఉంది. ఆ వరస తెలిస్తే రోగి చేయగలిగింది చాలా ఉంటుంది.

నూజివీడు వైపు 62 ఏళ్ల కౌలు రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. చుట్ట అలవాటు. గడ్డ కుడి ఊపిరితిత్తి పై తమ్మెలో, అంటే పై లోబ్‌లో ఉంది.

మొదటి మెట్టు మాటలే. "ఆయాసం వస్తుందా?" అంటే మనవాళ్లు "పెద్దగా లేదండీ" అనేస్తారు. ఆయాసం వచ్చే పని ఎప్పుడో మానేసినవాడికి ఆయాసం తెలియదు. అందుకని పనితో కొలిచి చెప్పాలి. పోయిన సీజన్లో చెట్టెక్కి చిక్కంతో రసాలు దింపినాయన ఈ ఏడు కింద నిలబడి గంపలు లెక్కపెట్టడంతో సరిపెట్టుకున్నాడా? కాయల గంప ఎత్తుకుని ట్రాక్టరు దాకా ఒక్క బిగిన వెళ్తున్నాడా, నడుమ ఆగుతున్నాడా? ఇది ఆయనకంటే ఇంటావిడకే బాగా తెలుసు. ఆమెనూ లోపలికి తీసుకెళ్లండి. చుట్టలు రోజుకెన్ని, ఎన్నేళ్లుగా. పూత మీద మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టాడా. ఎప్పుడైనా టీబీ మందులు వాడాడా, అన్నీ చెప్పాలి. పాత టీబీని సిగ్గుపడి దాస్తే లెక్క మొత్తం తప్పుతుంది. ఇప్పుడు టీబీ ఉందేమోనన్న అనుమానం ఉంటే ఊదే పరీక్ష కంటే ముందు కఫం పరీక్ష కావాలి. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం.

తర్వాత విజయవాడలోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెడతారు. గుండెల నిండా గాలి పీల్చి, గొట్టాన్ని పెదాలతో బిగించి ఒక్కసారిగా ఊదాలి. టెక్నీషియన్ పక్కనే నిలబడి "ఊదండి బాబాయ్, ఇంకా, ఇంకా, ఇంకా" అని తరుముతుంటాడు. గాలి అయిపోయిందనిపించాక కూడా ఊదుతూనే ఉండాలి. సరిగ్గా ఊదినవి కనీసం మూడు కావాలి. వాటిలో మెరుగైన రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలో ఉంటేనే నమ్ముతారు. అరమనసుతో ఊదితే మంచి ఊపిరితిత్తి కూడా కాగితం మీద చెడ్డదైపోతుంది. మొదటి సెకనులో బయటికొచ్చిన గాలినే డాక్టర్లు ఎఫ్ఈవీ1 అంటారు.

అసలు లెక్క ఇక్కడే మొదలవుతుంది. మన రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 ఖండాలు: కుడివైపు 10, ఎడమవైపు 9. కుడి పై తమ్మెలో ఉన్నవి 3. మన రైతు ఎఫ్ఈవీ1 1.8 లీటర్లు వచ్చిందనుకుందాం. ఆయన వయసుకీ ఎత్తుకీ 2.6 ఉండాలి. అంటే 69 శాతం. పై తమ్మె తీస్తే మిగిలేవి 16 ఖండాలు. 69ని 16తో హెచ్చించి 19తో భాగిస్తే 58 శాతం. గడ్డ లోపలికి పాకి కుడి ఊపిరితిత్తి మొత్తం తీయాల్సి వస్తే అదే మనిషికి మిగిలేది సుమారు 33 శాతమే. కోత ఎక్కడిదాకా అన్నది ఇంత తేడా తెస్తుంది.

ఈ లెక్క అన్ని ఖండాలూ సమానంగా పనిచేస్తున్నాయని నమ్ముతుంది. పాత టీబీ మచ్చలు ఎడమవైపు ఉంటే ఆ నమ్మకం చెల్లదు. తీసేసే తమ్మె గడ్డ అడ్డుపడి ఎప్పుడో మూతపడి ఉంటే, దాన్ని తీసినా పెద్దగా పోయేదేమీ ఉండదు. అలాంటప్పుడు ఏ భాగానికి రక్తం ఎంత వెళ్తుందో చూపే పర్‌ఫ్యూజన్ స్కాన్ తీస్తారు.

గాలి ఆడితే సరిపోదు, ఆక్సిజన్ రక్తంలోకి దిగాలి. దానికి డీఎల్‌సీఓ అనే పరీక్ష. రవ్వంత కార్బన్ మోనాక్సైడ్ కలిసిన గాలి పీల్పించి, పది సెకన్లు బిగబట్టిస్తారు. దానికీ ఇదే ఖండాల లెక్క. రెండూ 60 శాతం దాటితే ముప్పు తక్కువ. ఏ ఒక్కటైనా 30కి తగ్గితే నేరుగా సైకిల్ పరీక్ష. మన రైతు 58తో ఈ రెంటి మధ్య ఉన్నాడు కాబట్టి మెట్లెక్కాలి.

వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, పక్కన మనిషిని ఉంచి ఎక్కిస్తారు. 22 మీటర్ల ఎత్తు, అంటే దాదాపు ఏడంతస్తులు ఎక్కేస్తే ముప్పు తక్కువ. మధ్యలో ఆగిపోతే, ఆక్సిజన్ బాగా పడిపోతే సైకిల్ తొక్కించి, ఒంటికి ఎంత ఆక్సిజన్ వాడుకునే సత్తా ఉందో కొలుస్తారు. కిలో బరువుకి నిమిషానికి 20 మిల్లీలీటర్లు దాటితే నిశ్చింత. 10కి తగ్గితే సర్జన్ ఆగి ఆలోచిస్తాడు: తమ్మె బదులు చిన్న ఖండం తీయడమా, రేడియేషనా అని. ఈసీజీ, ఎకో ఎటూ ఉంటాయి.

మత్తు డాక్టర్లు వాడే అరిస్‌కాట్ స్కోరు కూడా ఉంది. 2010లో కాటలోనియా డాక్టర్లు ప్రచురించారు. ఛాతీ కోతకు 24 పాయింట్లు, ఆపరేషన్ మూడు గంటలు దాటితే 23. మొత్తం 47. 45 నుంచే ఎక్కువ ముప్పు కాబట్టి ఊపిరితిత్తి ఆపరేషన్లలో చాలామంది అందులోకే వస్తారు. మనం మార్చగలిగినవాటి కోసం ఆ పట్టీని చూడమంటాను. గత నెలలో ఛాతీ ఇన్ఫెక్షన్‌కు 17, హిమోగ్లోబిన్ 10 లేక అంతకు తక్కువైతే 11. దగ్గూ జ్వరం తగ్గేదాకా ఆగాలా అన్నది డాక్టరును అడగండి. కాయ కోత అయ్యేదాకా అని మీ అంతట మీరు నెలలు వాయిదా వేయకండి, గడ్డ ఆగదు.

చుట్ట గడ్డ సంగతి తెలిసిన రోజే మానాలి. నాలుగు వారాలు దొరికితే కఫం బాగా తగ్గుతుంది. ఊపిరి కసరత్తుకు మూడు బంతుల పరికరం ఇస్తారు. చాలామంది దాన్ని ఊదుతారు. అది పీల్చేది. నిటారుగా కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకుని, బంతులు పైకి లేచేలా నెమ్మదిగా లోపలికి పీల్చి, కాసేపు నిలిపి వదలాలి. ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు ఆ పరికరాన్ని సంచిలో పెట్టుకోవాలి, మర్నాటి నుంచే దాంతో పని ఉంటుంది.